మూడేళ్లు దాటితే ఆపరేషన్ కాగితాలు ఉండవా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మా అక్కకు రెండోసారి థైరాయిడ్ ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. డాక్టర్లు మంచివాళ్లే, ఓపిగ్గా చెప్తున్నారు కూడా, కానీ మొదటి ఆపరేషన్‌లో లోపల ఏం జరిగిందో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు.

చాలా ఏళ్ల కిందట గడ్డ ఉందని ఎడమ వైపు థైరాయిడ్ తీసేశారు. అప్పటి నుంచి అక్క గొంతు బొంగురుగానే ఉంది. టీచర్ కదా, క్లాసులో అరిచి అరిచి అలా అయిందని అప్పుడు సర్దిచెప్పారు. ఇప్పుడు కుడి వైపు గడ్డ వచ్చింది. సూదితో తీసి పరీక్ష చేస్తే రిపోర్టులో బెథెస్డా మూడో కేటగిరీ అని వచ్చింది. అంటే క్యాన్సర్ అనీ చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. ఆపరేషన్‌కి ముందు గొంతులోకి కెమెరా పెట్టి చూస్తే ఎడమ స్వరతంత్రి అసలు కదలడం లేదని తేలింది!

ఇక్కడే మొత్తం చిక్కు. స్వరతంత్రులను కదిలించే నరం రెండు వైపులా థైరాయిడ్‌ను ఆనుకునే వెళ్తుంది. ఒక నరం పోతే మాట బొంగురుపోతుంది, రెండూ పోతే ఊపిరే ఆడదు, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సి రావచ్చు. అక్కకు మిగిలింది ఆ కుడి నరమే. పైగా థైరాయిడ్ వెనక చిన్న చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగు ఉంటాయి, ఒంట్లో కాల్షియం చూసుకునేవి అవే. ఎడమవైపువి అప్పుడు కాపాడారో, థైరాయిడ్‌తో పాటు తీసేశారో తెలియదు. మిగతావీ పోతే వేళ్లు తిమ్మిర్లెక్కడం, కండరాలు పట్టేయడం, జీవితాంతం కాల్షియం బిళ్లలు.

ఒక డాక్టరు ఆలస్యం చేయొద్దన్నారు. ఇంకొకరు కొన్ని నెలలాగి మళ్లీ సూది పరీక్ష చేద్దాం, అల్ట్రాసౌండ్‌లో పెరుగుదల చూస్తూ ఉందాం అన్నారు. ఇద్దరూ అడిగింది మాత్రం ఒకటే: పాత ఆపరేషన్ నోట్స్ ఉన్నాయా? మా దగ్గరున్న డిశ్చార్జి సమ్మరీలో ఎడమ భాగం తీసేశాం అని ఒక్క లైను ఉంది. నరం కనిపించిందా, తెగిందా, ఏమీ లేదు. బిల్లు మాత్రం దూదితో సహా రెండు పేజీలు!

ఆ ఆస్పత్రికి వెళ్తే యాజమాన్యం మారింది, బోర్డు మారింది. రికార్డుల సెక్షన్‌లో అబ్బాయి 'మూడేళ్లే ఉంచుతాం మేడమ్, రూలే అంత' అన్నాడు. నాకు ఒళ్లు మండింది కానీ చూస్తే అతను చెప్పింది నిజమే. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు ఉంచితే చాలని ఉంది. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి ఆ నెలలోనే ఆపేశారు కాబట్టి పాతవే నడుస్తున్నాయి. థైరాయిడ్ గడ్డలు చాలావరకు ఏళ్ల తరబడి మెల్లగా పెరిగేవి. అలాంటి జబ్బుకు మూడేళ్ల లెక్క ఎవరికి పనికొస్తుంది? రిస్కులు సరిగ్గా చెప్పకుండా తీసుకున్న సంతకం సమ్మతి కాదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. మరి ముందు ఏం జరిగిందో తెలియని డాక్టరు రిస్కు ఎంతని చెప్తాడు?

అవే నిబంధనల్లో ఇంకో మాట ఉంది. పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. కాబట్టి ఇప్పుడు ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జి రోజే ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు కాపీలు అడిగి తీసుకోండి. ఇవ్వడానికి మొహం చిట్లిస్తారు, అయినా అడగండి. అసలు అడిగించుకోకుండానే ఇవ్వాలని, మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ రూలు పెట్టాలి, మూడేళ్లన్నది ఎత్తేయాలి. ఆరోగ్య రికార్డులు ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి ఆభా నంబర్లని ఇంటింటికీ ఇచ్చారు కదా, ఆపరేషన్ నోట్స్ అందులో పెట్టడానికి ఏం అడ్డం?

అక్క ప్రస్తుతానికి రెండో సూది పరీక్షకే ఒప్పుకుంది. ఆపరేషనే తప్పదంటే థైరాయిడ్ ఆపరేషన్లు తరచూ చేసేవాళ్ల దగ్గరే, నరాన్ని కనిపెట్టే మానిటర్ పెట్టి చేయాలని, ఈసారి నోట్స్ చేతికిచ్చాకే ఇంటికొస్తానని ముందే చెప్పేసింది. బావ మాత్రం ఇప్పటికీ వద్దనే అంటున్నాడు.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్