అత్తయ్య కాలినొప్పిని పట్టించుకున్న మనసులకు కృతజ్ఞతలు

మా అత్తయ్య ఆపరేషన్ అయి క్షేమంగా ఇంటికొచ్చారు. ఫోన్ చేసి ధైర్యం చెప్పినవాళ్లకు, అర్ధరాత్రి కారు తీసిన పక్కింటి అన్నయ్యకు, రక్తం అవసరమైతే ఇస్తామని వచ్చి కూర్చున్న మా ఆయన ఆఫీసు మిత్రులకు, ఐసీయూ సిస్టర్లకు పేరుపేరునా దండాలు. సీటీ స్కాన్ గదిలోని టెక్నీషియన్ తమ్ముడి గురించి మాత్రం వివరంగా రాయకపోతే నాకు మనసొప్పదు.

అత్తయ్యకు 79 ఏళ్లు. మొదటి నుంచీ బక్కపలచని మనిషి, ఈమధ్య ఇంకా చిక్కిపోయారు. కొన్నాళ్లుగా కుడి తొడ లోపలివైపు నుంచి మోకాలి దాకా లాగేస్తోందంటే ఒక డాక్టరు కీళ్ల అరుగుదలని మాత్రలిచ్చారు. తర్వాత కడుపుబ్బరం, వాంతులు మొదలైతే ఇంకోచోట గ్యాస్ అన్నారు. అల్ట్రాసౌండ్ తీస్తే పేగుల్లో గాలి అడ్డొచ్చి సరిగా కనపడలేదు. వాంతులు ఆకుపచ్చగా మారేసరికి భయమేసి మలక్‌పేట నుంచి పెద్దాసుపత్రికి పరిగెత్తాం. ఎక్స్‌రేలో పేగు ఎక్కడో అడ్డుపడిందని తేలింది. ఎక్కడో తెలియాలంటే సీటీ తీయాలన్నారు. స్కాన్ చీటీ మీద కడుపునొప్పి, వాంతులు అని మాత్రమే రాసి ఉంది.

స్కాన్ బల్ల మీద పడుకోబెట్టి ఆ తమ్ముడు, "పెద్దమ్మా, కాలు జర సీదా పెట్టు" అన్నాడు. అత్తయ్య "వద్దు బిడ్డా!" అని ఒక్క అరుపు అరిచారు. కాలు ముడుచుకుంటే ఓర్చుకోగలుగుతున్నారు, చాపితే ప్రాణం పోతోంది. బయట ఇంకా జనం లైన్లో ఉన్నారు. అయినా ఆయన తొందరపెట్టలేదు. మోకాలి కింద దిండు పెట్టి, ఈ నొప్పి ఎప్పటి నుంచని నన్నడిగి, వెంటనే రేడియాలజిస్ట్ మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాడు. తొడ పైభాగం దాకా స్కాన్ తీయమని మేడమ్ అన్నారు.

తర్వాత మేడమ్ మమ్మల్ని పిలిచి కంప్యూటర్‌లో చూపించారు. మౌస్ తిప్పుతుంటే బొమ్మలు పై నుంచి కిందికి జరుగుతూ వచ్చాయి. ఉబ్బిపోయిన పేగులు, ఆ కింద కటి ఎముక. అక్కడ ఆపి, "ముందు ఎడమ పక్క చూడండమ్మా" అన్నారు. రెండు కండరాల మధ్య సన్నగా నల్లటి గీత, అది కొవ్వట. కుడి పక్క అదే చోట బొటనవేలంత గుండ్రటి ముద్ద. అది పేగు!

దీన్ని ఆబ్ట్యురేటర్ హెర్నియా అంటారట. కటి ఎముకకు రెండు పక్కలా పుట్టుకతోనే ఒక రంధ్రం ఉంటుంది. దాన్ని ఒక పొర మూసి ఉంచుతుంది. ఆ పొర పైఅంచున ఉన్న సన్నని దారిలోంచి ఒక నరం తొడలోకి దిగుతుంది. బాగా చిక్కిపోయిన పెద్ద వయసు ఆడవాళ్లలో అక్కడి కొవ్వు తగ్గి, దారి వదులై, పేగు అందులో ఇరుక్కుంటుంది. నరం నలిగి తొడలో నొప్పి వస్తుంది. లోతున ఉండటం వల్ల బయటికి గడ్డలా కనపడదు. మొత్తం హెర్నియాల్లో ఇది 1 శాతం కూడా ఉండదట. 1970లలో సీటీ వచ్చేదాకా చాలామందిలో పొట్ట కోశాకే ఇది బయటపడేదని సర్జన్ గారు చెప్పారు. అందుకే ముందు చూసిన డాక్టర్ల మీద నాకు కోపం లేదు.

ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ఇరుక్కున్న పేగు నల్లబడటం మొదలైందట. విడిపించి, వెచ్చటి తడిగుడ్డలో ఉంచి చూస్తే రంగు తిరిగొచ్చింది. పేగు కోయాల్సిన పని పడలేదు. ఇంకాస్త ఆలస్యమైతే కుళ్లిపోయేదని సర్జన్ గారు అన్నప్పుడు మా ఆయన అక్కడే ఏడ్చేశారు.

మీ ఇళ్లలో సన్నగా ఉన్న అమ్మమ్మలు, నాన్నమ్మలు ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. తొడ లోపలివైపు నొప్పి, దాంతోపాటు వాంతులు, కడుపుబ్బరం ఉంటే రెండూ ఒకే డాక్టరుకు చెప్పండి. కాలికి ఒక చోట, కడుపుకి ఒక చోట తిరగొద్దు.

పేరు తీసేసి ఈ స్కాన్ బొమ్మల్ని విద్యార్థులకు పాఠంగా చూపించుకుంటామని మేడమ్ అడిగారు. కాగితం మీద ఉన్నదంతా నాతో తెలుగులో చెప్పించుకుని అత్తయ్య సంతోషంగా సంతకం పెట్టారు. టెక్నీషియన్ తమ్ముడూ, హడావుడిలో నీ పేరు కూడా అడగలేదు. అత్తయ్య రోజూ నిన్ను తలుచుకుంటున్నారు. ఈ పోస్టు నీ దాకా వస్తే ఒక్క మెసేజ్ పెట్టు. మా ఇంటికి భోజనానికి రావాలి.