తట్టు మా పాపతోనే ఆగింది, ఆపినవాళ్లందరికీ దండాలు

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. మా పాపకు ఎనిమిది నెలలు. తట్టు, రుబెల్లా రెండిటికీ కలిపి వేసే ఎంఆర్ టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాకే కదా, ఆలోపే తట్టు పోసింది. ఇప్పుడు బాగుంది. పాలు తాగుతోంది, మళ్లీ బోర్లా పడి పాకుతోంది. పాపకు వైద్యం చేసిన డాక్టరు గారి రుణం ఎలాగూ తీరదు. ఈ పోస్టు మాత్రం మా పాప నుంచి ఇంకో బిడ్డకు తట్టు పాకకుండా చూసినవాళ్ల కోసం. పేర్లు వద్దని వాళ్లే అన్నారు కాబట్టి రాయడం లేదు.

మొదటి దండం ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే అమ్మాయికి. పాప కళ్లు ఎర్రబడి, ముక్కు కారుతూ, చెవుల వెనక నుంచి దద్దుర్లు ముఖం మీదికి వస్తున్నాయి. ఆ అమ్మాయి కిటికీలోంచి ఒక్క చూపు చూసి, పెన్ను పక్కన పెట్టి బయటికి వచ్చేసింది. "మిలిమిలా లాగుంది దీదీ, హాల్లోకి వద్దు" అని (ఒడియాలో తట్టును మిలిమిలా అంటారు) నాకు మాస్కు ఇచ్చి, భవనం బయట నుంచే చుట్టూ తిప్పి వెనక గదికి తీసుకెళ్లింది. చీటీ తర్వాత తనే తెచ్చి ఇచ్చింది.

అది ఎంత పెద్ద పనో నాకు తర్వాత తెలిసింది. తట్టు ఉన్నవాళ్లు లేచి వెళ్లిపోయినా ఆ గది గాలిలో వైరస్ రెండు గంటల దాకా ఉంటుందట. టీకా పడనివాళ్లు, ఇంతకుముందు తట్టు రానివాళ్లు పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. ఆ హాల్లో చెకప్‌కు వచ్చిన గర్భిణులున్నారు, పచ్చి బాలింతలున్నారు. అంతకుముందు మేము వెళ్లిన ఒక ప్రైవేటు క్లినిక్కులో, జ్వరమని చెప్పినా, తలుపులు మూసిన ఏసీ గదిలో అందరి మధ్యా కూర్చోబెట్టారు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సిస్టర్ పాప బుగ్గ లోపల టార్చి వేసి, ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలు నాకూ చూపించింది. మా గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది, బయటివైపు కిటికీలు తీసే ఉండేవి. టీకా రెండు డోసులూ పడిన సిస్టర్లనే మాకు వేశారు, వాళ్లూ ఎన్95 మాస్కుతోనే వచ్చేవారు. ఎక్స్‌రేకు అందరూ వెళ్లిపోయాక చివర్లో తీసుకెళ్లారు. విటమిన్ ఏ వరసగా రెండు రోజులు, రోజుకు లక్ష యూనిట్లు వేశారు.

చీటీల లైనులో మా వెనక ఏడు నెలల బాబును ఎత్తుకుని ఒకావిడ నిలబడింది. సిస్టర్ లైనులో ఉన్నవాళ్లందరి ఫోన్ నంబర్లూ రాసుకుంది. 72 గంటల లోపు టీకా వేస్తే తట్టు రాకుండా ఆపే అవకాశం ఉందని చెప్పి, ఆ బాబుకు వేయించారు. ఇది లెక్కలోకి రాదు, తొమ్మిది నెలలకూ పదహారు నెలలకూ మళ్లీ వేయించాలని కార్డు మీద రాసిచ్చారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు సరికదా, మర్నాడు ఫోన్ చేసి "మీ పాపకు జ్వరం తగ్గిందా అమ్మా" అని అడిగింది. అమ్మా, నీ కడుపు చల్లగా ఉండాలి.

దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే తట్టు అంటుకుంటుంది. ఆ రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్లారని అడిగితే ఆ క్లినిక్కు పేరూ, పాతపట్నంలో మా అక్క మనవడి అన్నప్రాశన సంగతీ చెప్పాను. క్లినిక్కుకు సిస్టరే ఫోన్ చేసింది. పాతపట్నం ఆంధ్రా, మేము ఒడిశా. మన పరిధి కాదని ఎవరైనా వదిలేసేవారేమో. ఈవిడ అక్కడి ఏఎన్ఎం గారి నంబరు సంపాదించి మాట్లాడింది. ఆ ఏఎన్ఎం గారు ఆ సాయంత్రమే అక్క వాళ్ల వీధికి వెళ్లి పిల్లల కార్డులన్నీ చూసి, రెండో డోసు పడని పిల్లలకు వేయించారు. తల్లీ, నిన్ను నేను చూడనైనా లేదు. నీకు నా నమస్కారం.

ఇంటికి వచ్చాక మా అత్త గుమ్మానికి వేపమండలు కట్టింది. ఆశా దీదీ కోప్పడలేదు. "కట్టుకోండి అత్తా, దద్దుర్లు వచ్చి నాలుగు రోజులు గడిచేదాకా ఆ మండలు దాటి ఎవరినీ రానివ్వకండి, మందులు మానకండి" అంది. పెద్దవాళ్ల ఆచారాన్ని కాదనకుండానే చెప్పాల్సింది చెప్పింది. మా అత్త చుట్టాలందరినీ గుమ్మం దగ్గరే ఆపింది.

మూడు వారాలు దాటాయి. లైనులో ఉన్నవాళ్లలో గానీ, పాతపట్నంలో గానీ ఎవరికీ రాలేదని నిన్న సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది. తట్టు వచ్చిపోయినా రుబెల్లా కోసం మా పాపకు టీకా వేయించాల్సిందేనట. ఆశా దీదీ తేదీ కూడా కార్డు మీద వేసేసింది.