పెల్లెట్ల కన్నా ముందు భంగిమ

సంపాదకులకు,

కళాశాల రైఫిల్ జట్లకు మొదటి వారంలోనే డబ్బాల కొద్దీ పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న గుళ్లు) కాల్పించడం సరికాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం అర మిల్లీమీటరే. అక్కడికి చేర్చేది కండబలం కాదు, ఎముకల మీద నిలిచిన భంగిమ.

గురిపెట్టాక కళ్లు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి, మళ్లీ తెరవమనండి. గురి పక్కకు జరిగితే చేతులతో లాగకూడదు, పాదాలు జరపాలి. లాగి కాలిస్తే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కండరం సడలి, పెల్లెట్ పాత దిక్కుకే పోతుంది. అందుకే పెల్లెట్లన్నీ ఒకే పక్కకు పడుతుంటే సైట్ (రైఫిల్ మీద గురి చూసే పరికరం) తిప్పకముందు పాదాలు చూడాలి. ఈ ఒక్కటీ పట్టించుకోక ఎందరో మంచి పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు.

గురి కుదిరాక ఎనిమిది, పది సెకన్లలో కాల్చలేకపోతే రైఫిల్ దించాలి. ఆపైన చూపు అలసి వణుకు పెరుగుతుంది. దించడం పిరికితనం కాదని కోచ్ పదేపదే చెప్పాలి. కాల్చాక కూడా రెండు సెకన్లు సైట్‌లోంచి చూపు తియ్యకూడదు.

సాధనలో సగం పెల్లెట్ లేకుండా, డ్రై ఫైర్‌తోనే సాగాలి. కాల్చని వేళ బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపే రంగు తీగ) ఉండాల్సిందే. రైఫిల్‌కు బిగించే గాలి సిలిండర్ మీది గడువు తేదీని ప్రతి సీజన్‌కు ముందే చూసుకోవాలి.

– ఒక రైఫిల్ శిక్షకుడు