వార్షిక నివేదిక 2024–25: అంతర్వేది విహారయాత్ర

సభ్యులకు నమస్కారం. మురుగు కాలువ మరమ్మతులు, వీధి దీపాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ వివరాలు జమాఖర్చుల పట్టికలోనే ఉన్నాయి కనుక మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. అందరూ అడుగుతున్నది అంతర్వేది యాత్ర గురించే.

వేసవి సెలవుల్లో వెళ్దామని చాలామంది పట్టుబట్టారు. అయితే మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. అప్పుడు వెళ్తే ఒడ్డెక్కిన పడవలను చూసి రావాలి. శ్రావణంలో అయితే పులస చేప దొరుకుతుందని మరో వర్గం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట సమావేశంలో తెగ వినిపించింది. పులస ఏటికి ఎదురెక్కేది వరద నీటిలోనే. గోదావరి పోటెత్తితే జనాన్ని రేవు దాటించే పంటు ఆగిపోతుంది. పైగా పులస ధర భరించే స్తోమత సంఘం నిధికి లేదు! చివరకు డిసెంబరు ఖాయమైంది.

పాలకొల్లు నుంచి చించినాడ వంతెన మీదుగా బస్సులోనే వెళ్లవచ్చు. అయినా పిల్లల కోసం నరసాపురం రేవులో పంటెక్కి, గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగాం. అక్కడి నుంచి ఆటోలు.

లక్ష్మీనరసింహ స్వామి దర్శనం త్వరగానే అయింది. మాఘమాసంలో కల్యాణోత్సవాల రద్దీ తెలిసినవారికి ఆ తీరిక విలువ తెలుస్తుంది. అసలు సందడంతా పల్లిపాలెం ఒడ్డున. పడవ రాగానే గంపలు ఇసుకలో దించి చందువ, కోనాం చేపలు, రొయ్యలు వేరు చేశారు. వేలం పాట పెట్టింది ఒక పెద్దావిడ. మన కోశాధికారి గారు బేరానికి గొంతు సవరించుకునేలోగా గంప చేతులు మారిపోయింది. పక్కనే ఒకాయన చినిగిన వలను కాలి బొటనవేలికి తగిలించి బిగించి, మాతో మాట్లాడుతూ, వల వైపు చూడకుండానే ముడులు వేసుకుపోయాడు. పిల్లలు అక్కడి నుంచి కదిలితే ఒట్టు.

నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర దిగవద్దని మత్స్యకారులు ముందే చెప్పారు. పైకి నెమ్మదిగా కనిపించినా అడుగున లాగేస్తుందట. అయినా కొందరు దిగారు. పెద్దల మాట వినని వారికి వచ్చే యాత్రలో చోటు ఇవ్వకూడదని కార్యవర్గం తీర్మానించింది.

ఈసారి కోరింగ మడ అడవులకు వెళ్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఆటుపోట్ల వేళలు కనుక్కున్నాకే తేదీ చెబుతాం. అంతర్వేది భోజనాల బాకీ ఉన్నవారు ఆలోగా కోశాధికారి గారికి చెల్లించగలరు. ఆయన ఇప్పటికీ ఆ గంప సంగతి మరచిపోలేదు, మీ బాకీ అసలే మరచిపోలేదు.

— కార్యదర్శి