పెంపుడు జంతువుల మీద పరీక్షలు: యజమాని సంతకం ఒక్కటే చాలదు

సంపాదకులు గారికి,

జబ్బుచేసి ఆసుపత్రికి వచ్చిన కుక్కలు, పిల్లుల మీద కొత్త చికిత్సలు పరీక్షించడానికి యజమాని సంతకం పెడితే చాలనుకునే ధోరణి పశువైద్యంలో ఇంకా ఉంది. మనుషుల మీద పరిశోధనకు నైతిక సూత్రాలు చెప్పే హెల్సింకి ప్రకటన 1964 నుంచి ఉంది. పశువుల మందుల పరీక్షలకు, ఆ మందుల నియమాలను దేశాల మధ్య ఏకరూపం చేసే అంతర్జాతీయ వేదిక వీఐసీహెచ్ 2000లో తెచ్చిన మార్గదర్శకం ఉంది. కొత్త ఆపరేషన్ పద్ధతుల వంటివి దాని పరిధిలోకి రావు. ఆ లోటును, పరిశోధన ప్రణాళికలను ముందుగా పరిశీలించి అనుమతిచ్చే నైతిక సంఘాలే పూడ్చాలి.

అన్నిటికన్నా ముందు నొప్పి సంగతి తేల్చాలి. ఆపరేషన్ తర్వాత కుక్క నొప్పిని కొలిచే గ్లాస్గో సంక్షిప్త పట్టికలో 24కి 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అదనపు నొప్పి మందు గురించి ఆలోచించాలి. నడిపించి చూడలేని కుక్కకైతే 20కి 5. ఈ అంకెతో పాటు ఎవరు కొలుస్తారు, ఎన్ని గంటలకోసారి కొలుస్తారు అన్నదీ ప్రణాళికలో ముందే రాసి ఉండాలి. సిబ్బంది ఉన్న వేళల్లోనే కొలిస్తే రాత్రి పడిన బాధ లెక్కలోకే రాదు. ఇంకో ప్రమాదం ఉంది. అదనపు మందిస్తే ఆ జంతువు వివరాలు పనికిరాకుండా పోతాయని చెయ్యి వెనక్కి తీసేవాళ్లుంటారు. అదనపు మందు అవసరమవడాన్నే చికిత్స విఫలమైనట్టు లెక్కిస్తామని ముందే రాసుకుంటే ఆ భయం ఉండదు. పనిచేసే నొప్పి మందు ఉండగా మందే లేని ఉత్తుత్తి మాత్రతో (ప్లాసిబో) పోల్చడాన్ని ఏ సంఘమూ ఒప్పుకోకూడదు.

రక్తం విషయానికొస్తే, నాలుగు కిలోల పిల్లి ఒంట్లో ఉండేది సుమారు 240 మిల్లీలీటర్లే. రక్తహీనత ఉన్న పిల్లి నుంచి పరిశోధన కోసం తీసే ప్రతి గొట్టానికీ కారణం చెప్పాలి. వీలైనంతవరకు చికిత్స కోసం ఎలాగూ తీసే రక్తంలోంచే వాడుకోవాలి, విడిగా సూది గుచ్చకూడదు.

సమ్మతి పత్రాన్ని వైద్యం చేసే డాక్టరు కాక మరొకరు వివరించాలి. అత్యవసరం కానప్పుడు యజమాని దాన్ని ఇంటికి తీసుకెళ్లి చదువుకునే వ్యవధి ఇవ్వాలి. మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆగదని అందులో ఉండాలి. ఉచిత ఆపరేషన్ అని చేర్చుకుని, తర్వాత వచ్చే చిక్కుల ఖర్చు యజమాని మీద వేయడం ఘోరం. ఆ డబ్బు లేక బతికే జంతువును కారుణ్యమరణానికి అప్పగించాల్సి రావచ్చు. ఆ ఖర్చు ఎవరిదో, ఎంతవరకో పత్రంలో అంకెల్లో రాయాలి.

పరిశోధన పత్రికలు కూడా నైతిక అనుమతి ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోకుండా, ఆ అనుమతి తేదీ మొదటి జంతువును చేర్చుకున్న తేదీకన్నా ముందుదేనా అని సరిచూడాలి.

ఇట్లు,
ఒక పశువైద్యురాలు