పర్లాకిమిడి నుంచి బావకి

బావా,

నాటకాల రికార్డింగుల పని ఎంతదాకా వచ్చిందని అడిగావు. ఫోన్లో చెబితే సగం మిగిలిపోతుంది, తీరిగ్గా చదువుకో.

ఇక్కడి పద్యనాటకాల ఆడియోలు ఎవరెవరి ఇళ్ళలోనో డీవీడీల్లో, పాత హార్డ్ డిస్కుల్లో ఉండిపోయాయి. చోటు చాలక రార్ (ఫైళ్ళని కుదించి ఒకే మూటగా కట్టే పద్ధతి) చేసి ముక్కలుగా దాచారు. ఫైళ్ళ పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా తెలుగు పద్యం ఆగలేదు కదా. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. ఆ గొంతులు పోతే మళ్ళీ తేలేం.

ఒక్కో ఫైలూ తెరుస్తూ కూర్చుంటే ఎప్పటికీ తెమలదు. అందుకని లైనక్స్‌లో ఒక బాష్ స్క్రిప్టు, అంటే కమాండ్లని వరసగా నడిపే చిన్న ప్రోగ్రాం, రాశాను. అసలు ఫైలు జోలికి అది వెళ్ళదు, పనంతా కాపీ మీదే. గీతలు పడ్డ డీవీడీని ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ఇమేజ్ తీస్తాను, అంటే డిస్కు మొత్తానికి ఒకే ఫైలుగా నకలు. అది బాగున్న భాగాలు మొదట చదివేసి, చెడ్డ చోట్లకి తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా చదివిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా టెన్షన్ లేదు.

తర్వాత ఫైండ్ కమాండ్ ఫైళ్ళన్నీ వెతుకుతుంది. పేర్లలో ఖాళీలుంటాయి కనుక పేర్లని విడిగా ఉంచే ప్రింట్0 ఆప్షన్ తప్పనిసరి, లేకపోతే ఒక పేరు రెండు పేర్లయిపోతుంది. ముక్కల రార్‌లో మొదటి భాగం ఇస్తే చాలు, మిగతావి రార్ విప్పే ప్రోగ్రాం అన్‌రార్ తనే వెతుక్కుంటుంది. అన్నీ ఇస్తే అదే నాటకం మళ్ళీ మళ్ళీ విప్పుతుంది.

విప్పేముందు టెస్ట్ చేయించడం నాకు చాలా ముఖ్యం. అన్‌రార్ తిరిగిచ్చే కోడ్ సున్నా అయితే బాగున్నట్టు, 3 అయితే సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో సరిచూసే అంకె) తేడా, 11 అయితే పాస్‌వర్డ్ తప్పు. పాస్‌వర్డ్ అడుగుతూ రాత్రంతా ఆగిపోకుండా మైనస్ పీ మైనస్ అనే ఆప్షన్ పెట్టాను. సున్నా వచ్చినవి తాత్కాలిక ఫోల్డర్లో విప్పి, పూర్తయ్యాకే అసలు చోటికి మారుస్తుంది. సగం విప్పిన నాటకం మంచివాటిలో కలవకూడదు.

ఇక చెడినవి. అన్‌రార్‌కి రిపేర్ చేతకాదు, దానికి రార్ ప్రోగ్రామే కావాలి. రిపేర్ అయ్యాక వచ్చే ఫైలు పేరు చూడు బావా, అసలు సంగతి అక్కడుంది. పేరు ముందు ‘ఫిక్స్‌డ్’ అని వస్తే లోపల రికవరీ రికార్డ్ (బాగుచేయడానికి ముందే దాచిన అదనపు డేటా) ఉంది, దాంతో సరిచేసిందన్నమాట. ‘రీబిల్ట్’ అని వస్తే రికార్డ్ లేదు, ఫైళ్ళ జాబితా మాత్రం కూర్చింది, పోయిన డేటా పోయినట్టే. అందుకే రెండో రకాన్ని స్క్రిప్టు వేరే ఫోల్డర్లో పడేస్తుంది, వాటిని నేనే వింటాను. వాటిని విప్పేటప్పుడు మైనస్ కేబీ అనే ఆప్షన్ ఇస్తే చెడిన ఫైలునీ చెరిపేయకుండా ఉంచుతుంది. ఎంపీ3 కనుక ఒక్కోసారి ఒక క్షణం గరగరలాడి పద్యం మళ్ళీ అందుకుంటుంది. సాలిడ్‌గా, అంటే ఫైళ్ళన్నీ ఒకే వరసగా కలిపి కుదించిన రార్ అయితే ఆ ఆశ తక్కువ, చెడిన చోటి నుంచి ఆ తర్వాతున్నవన్నీ పోతాయి.

రార్ లాంటిదే ఇంకో మూట జిప్. దానికి చివర్లో విషయసూచిక ఉంటుంది. కాపీ మధ్యలో తెగితే పోయేది అదే. అప్పుడు జిప్ కమాండ్‌కి పెద్ద ఎఫ్ రెండుసార్లు ఇస్తే మొదటి నుంచీ ఫైళ్ళ తలకట్లు వెతుక్కుంటూ కొత్త జిప్ కడుతుంది.

ఇవన్నీ చేశాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే: అదనపు డేటా ముందే దాచనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. కాబట్టి బాగున్న ప్రతి నాటకానికీ ఇప్పుడు పార్2 అనే ప్రోగ్రాంతో పది శాతం రికవరీ ఫైళ్ళు చేయిస్తున్నాను. 1960లో రీడ్, సాలమన్ కనిపెట్టిన లెక్కే దానికి ఆధారం, గీతపడ్డ సీడీలు పాడేదీ దాని చలవే. నష్టం ఏ ముక్కలో జరిగినా సరే, చెడిన బ్లాకులు రికవరీ బ్లాకుల సంఖ్య దాటనంతవరకూ తిరిగొస్తాయి. పార్2 కోడ్ 1 ఇస్తే బాగుచేయొచ్చు, 2 ఇస్తే చాలదు. నెలకోసారి క్రాన్, అంటే లైనక్స్‌లో చెప్పిన టైముకి పని నడిపేది, దీన్ని సరిచూయిస్తుంది.

నీ దగ్గర పెట్టెలో ఆ కాలం డీవీడీలు ఉండాలి. ఒక నాటకానికి నాలుగో భాగం ఇక్కడ ఎవరి దగ్గరా లేదు. చెడిపోయినా పర్వాలేదు, గీతలున్నా పర్వాలేదు, తుడవకుండా అలాగే పాతపట్నం వచ్చే ఎవరి చేతికైనా ఇచ్చి పంపు, నేను వెళ్ళి తీసుకుంటాను.

నీ
బావ