అర్బన్ ఛాలెంజ్ ఫండ్ పోటీకి కాకినాడను సిద్ధం చేయండి: పురపాలక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కాకినాడ నుంచి రాస్తున్నాను. పురపాలక ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన లక్ష కోట్ల రూపాయల అర్బన్ ఛాలెంజ్ ఫండ్ గురించి, అంటే నగరాలు తమ ప్రతిపాదనలతో పోటీపడి గెలుచుకోవాల్సిన నిధి గురించి, మీకు ఒక విన్నపం. మా ఊరి ప్రతిపాదనలో సిటీ బస్సు, ఫుట్‌పాత్‌లు, కూడళ్ల బాగుసేత ముందుండాలి. దాన్ని తయారుచేసే పని మా కార్పొరేషన్‌లోనే, ఇప్పుడే మొదలవ్వాలి. ‘వృద్ధి కేంద్రాలుగా నగరాలు’, ‘నగరాల సృజనాత్మక పునరభివృద్ధి’ అన్న ఆ ఫండ్ శీర్షికల కింద ఈ పనులు ఇమిడిపోతాయని నా నమ్మకం.

పోటీలో గెలవడం మా ఊరికి కొత్త కాదు. 2016 జనవరిలో ప్రకటించిన తొలి ఇరవై స్మార్ట్ సిటీల్లో విశాఖతో పాటు కాకినాడ కూడా ఉంది. కానీ ఈసారి లెక్క వేరు. వంద కోట్ల పని అనుకుంటే కేంద్రం ఇచ్చేది పాతిక కోట్ల వరకే. కనీసం యాభై కోట్లు బాండ్లు (మదుపరుల నుంచి కార్పొరేషన్ తీసుకునే అప్పు పత్రాలు), బ్యాంకు రుణాలు, ప్రైవేటు భాగస్వామ్యం ద్వారా తేవాలి. ఆ యాభై దగ్గరే మాలాంటి ఊళ్లు ఆగిపోతాయి. విశాఖ కార్పొరేషన్ 2018లో 80 కోట్ల బాండ్లు జారీ చేసింది. ఆడిట్ అయిన ఖాతాలు, పన్ను వసూళ్ల చరిత్ర, అప్పు తీర్చే సత్తాను చెప్పే క్రెడిట్ రేటింగ్ లేనిదే ఆ బాండ్ల మార్కెట్ గడప తొక్కలేం. ఇవి నోటిఫికేషన్ వచ్చాక నెలలో పుట్టుకొచ్చేవి కావు.

పైగా ఫుట్‌పాత్ మీద రాబడి రాదు. అందుకే పార్కింగ్ రుసుము, బస్టాండు దగ్గర దుకాణాల అద్దెల లాంటి ఆదాయాన్ని అదే ప్రాజెక్టులో కలపాలి. అప్పటికీ చాలకపోతే రాష్ట్రం హామీ ఉండాలి. ఆ మాట మీరే ఇవ్వగలరు.

ఇక రుజువుల సంగతి. ప్రతిపాదన నిలబడేదీ, పడిపోయేదీ ఇక్కడే. కన్సల్టెంట్లు తెచ్చే అద్దాల మేడల బొమ్మలు చూసి ఎవరూ మార్కులు వేయకూడదు, మనమూ వాటి మీద ఆధారపడకూడదు. మన దగ్గర అంతకంటే విలువైన సరుకు ఉంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించే ప్రతి మహిళకూ కండక్టర్ జీరో టికెట్ కొడుతున్నారు. ఎక్కడ ఎక్కింది, ఎక్కడికి వెళ్తోంది అన్నది అందులో ఉంటుంది. సామర్లకోట, పిఠాపురం, తాళ్లరేవు వైపు నుంచి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)కి వచ్చేవాళ్లెందరు, ఏ వేళలో బస్సు చాలడం లేదు అన్నది తేల్చడానికి కొత్త సర్వే ఎందుకు? ఆర్టీసీ నుంచి ఆ వివరాలు మా కార్పొరేషన్‌కు ఇప్పించండి.

పోలీసులు కూడా రోడ్డు ప్రమాదాల వివరాలు నమోదు చేసే ఈ-డార్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ప్రతి ప్రమాదాన్నీ స్థలంతో సహా నమోదు చేస్తున్నారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. కాకినాడలో ఆ చావులు ఎక్కడ జరిగాయి? భానుగుడి దగ్గరా, సర్పవరం జంక్షన్‌లోనా, పోర్టు లారీలు తిరిగే రోడ్ల మీదా? ఒక్కో చుక్కా మ్యాపు మీద పెడితే ముందు ఏ కూడలి బాగుచేయాలో వాదనే ఉండదు. మనుషులు పోయిన చోటు తెలిసి కూడా ఆ కాగితం ఒక శాఖలో, నిధుల దరఖాస్తు ఇంకో శాఖలో ఉండిపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఇంజినీరింగ్, టౌన్ ప్లానింగ్, అకౌంట్స్ నుంచి ఒక్కొక్కరిని, ఆర్టీసీ డిపో నుంచి ఒకరిని, ట్రాఫిక్ పోలీసు నుంచి ఒకరిని కలిపి చిన్న బృందం వేయండి. వాళ్లను బదిలీ చేయకుండా రెండేళ్లు అక్కడే ఉంచండి. కట్టిన దాన్ని ఎవరు నడుపుతారు, ఏటా నిర్వహణకు డబ్బు ఎక్కడిది అన్నది దరఖాస్తులోనే రాయించండి. ముసాయిదాను ఢిల్లీకి పంపేముందు వార్డు సచివాలయాల్లో తెలుగులో పెట్టించండి. జగన్నాథపురంలో చేపలమ్ముకునే ఆవిడ, జేఎన్‌టీయూకు బస్సెక్కే పిల్లవాడు చదివి అభ్యంతరం చెప్పడానికి కనీసం పదిహేను రోజుల గడువివ్వండి.

ఇట్లు,
కాకినాడ పౌరుడు